పుష్పమ్మ చేతిలో ఏముండేది

పుష్పమ్మ చేతిలో ఏముండేది? ఆ ఒక్క మాట చిక్కితే చాలు, మిగతావి దాని వెంట వాటంతట అవే నడిచొస్తాయని సోమమ్మకు తెలుసు. అందుకే పొద్దుటి నుంచి కుర్చీ వద్దని, పుష్పమ్మను పడుకోబెట్టిన ఐసు పెట్టె పక్కన చాప పరుచుకుని కూర్చుంది. గోడ గడియారం రెండు దాటింది. మూడింటికి పాస్టరుగారు వస్తారు. వచ్చాక మైకు, కీబోర్డు, పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ వెనకే మనిషిని లేపుతారు. ఇక ఎవరి గొంతుకూ సందు దొరకదు. ఏడవాలంటే ఈ గంటలోనే ఏడవాలి. ఉత్త కన్నీళ్ళు పెట్టుకోవడం కాదు, అది ఎవరైనా చేస్తారు. రాగం తీసి, మాట మీద మాట పేర్చి, పోయిన మనిషిని పిలిచి పిలిచి ఏడవడం, శోకం పెట్టడం. నలభై ఏళ్ళ కింద సోమమ్మ అది మానేసింది. ఇక పెట్టనని దేవుని గుడిలో, దేవుని పుస్తకంలో వేలిముద్ర వేసింది. మొన్న మంగళవారం సంగారెడ్డి ఆసుపత్రిలో, ఇదే పుష్పమ్మకు, పెడతానని మాట ఇచ్చింది. రెండు మాటలూ ఇచ్చింది ఒక్క మనిషే. ఇప్పుడు ఆ రెండింటి నడుమ, ఐసు పెట్టె అద్దం మీద చెయ్యి వేసుకుని, అరవై ఎనిమిదేళ్ళ ముసలమ్మ ఒక మాట కోసం వెతుక్కుంటోంది.

పుష్పమ్మ ఆమెకు యారాలు. సోమమ్మ మొగుడు నర్సింహులు, పుష్పమ్మ మొగుడు రాములు అన్నదమ్ములు, ఇద్దరూ ఎప్పుడో పోయారు. మొగవాళ్ళు పోయాక ఇద్దరాడవాళ్ళూ నడుమగోడకు దర్వాజ పెట్టించుకుని, ఒక పొయ్యి మీద కూర, ఇంకో పొయ్యి మీద అన్నం వండుకుని బతికారు. కంది దగ్గరి ఈ కాలనీలో వీళ్ళవే పాత ఇళ్ళు. ముందు వైపు హైవే, లారీల మోత. వెనక ఒకప్పుడు జొన్న చేలు, ఇప్పుడు పెద్ద చదువుల కాలేజీ ప్రహరీ. పుష్పమ్మ ఆ గోడను చూసి, "మన చేన్ల జొన్న బోయి ఇంజినీర్లు మొలుస్తున్నరు సోమీ" అనేది. ఆ మాటకు పుష్పమ్మ తనే ముందు నవ్వేది. ఆ నవ్వు పట్టుకుందామా? నవ్వుతో మొదలుపెడితే? కాదు, అవ్వ చెప్పింది చెయ్యి పట్టుకోమని.

సోమమ్మ అవ్వ, అంటే కన్నతల్లి, బొంతపల్లి మల్లమ్మ. ఆ చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరు పోయినా మల్లమ్మ వచ్చిందా అని అడిగేవారు. ఆమెకు చదువు లేదు, సంతకం లేదు, ఒక పాటను రెండుసార్లు ఒకేలా పాడింది లేదు. ప్రతి చావుకూ కొత్త శోకమే. ఎక్కడి నుంచి వస్తుందని చిన్నప్పుడు సోమమ్మ అడిగితే, విసుర్రాయి తిప్పుతూనే చెప్పింది: "పోయినామె చేతుల ఏముండెనో గాడ పట్టుకో బిడ్డా. మొఖం పట్టుకోకు, మొఖం అందరికుంటది. అబద్ధం పెట్టకు, గొంతు పట్టేస్తది." మంత్రసాని సాయవ్వ పోయినప్పుడు బొడ్డు కోసే కొడవలి ముక్కతో ఎత్తుకుంది. ఊళ్ళో అందరితో కొట్లాడే గంగవ్వ పోయినప్పుడు ఏమని ఎత్తుకుంటుందా అని ఆడవాళ్ళంతా కాచుకుని ఉంటే, గంగవ్వ ఎత్తిన చీపురుతో ఎత్తుకుంది. ఏ వాకిట్లో ఎన్నిసార్లు ఎత్తిందో, ఎత్తి కూడా ఎవరినీ కొట్టకుండా ఎట్లా దించిందో వరసగా చెప్తుంటే, ఆడవాళ్ళు నవ్వుతూ ఏడ్చారు. గంగవ్వ చేత తిట్లు తిన్నవాళ్ళే ఎక్కువ ఏడ్చారు. శ్రుతి కూడా ఎక్కడి నుంచో తెచ్చుకునేది కాదు అవ్వ. పక్కింట్లో విసుర్రాయి తిరుగుతుంటే ఆ గరగర మీదనే గొంతు పెట్టేది. సోమమ్మ చెవి ఇప్పుడు ఐసు పెట్టె మోత మీదికి పోయింది. ఊఁ అని ఒకే తీరుగా, ఆగకుండా మోగుతోంది. మంచి శ్రుతే. అవ్వ ఉంటే దీన్ని వదిలేది కాదు.

"చిన్నమ్మా, జెర కుర్చీల కూసోరాదే, నడుం పడతది." పుష్పమ్మ బిడ్డ కౌసల్య వంగి చెవిలో అంది. యాభై దాటిన మనిషి, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చూస్తుంది, రాత్రంతా నిద్ర లేదు, ఇప్పటిదాకా ఒక్క చుక్క కార్చలేదు. టెంటు, కుర్చీలు, నీళ్ళ డబ్బాలు, అన్నీ తనే చూసుకుంటోంది.

"ఈడనే మంచిగున్నది బిడ్డా."

"ఇంకోటి చిన్నమ్మా. ఇయ్యాల రాగాలు గిట్ల తీయకు. కంపెనీ సార్లొస్తరు. తమ్ముడు దుబాయిల ఫోన్ల సూస్తుండు. మంచిగుండదు."

"నేనెప్పుడు తీసిన? నలభై ఏండ్లాయె."

"గందుకే ముందుగాల చెప్తున్న."

కౌసల్య వెళ్ళిపోయింది. ఆమె తప్పేం లేదు. ఆమెకు పదేళ్ళప్పుడే ఈ ఇంట్లో శోకాలు ఆగిపోయాయి, అవి ఎట్లా ఉంటాయో ఆమెకేం తెలుసు. టెంటు కింద కూర్చున్న ఆడపిల్లలు ఫోన్లు చూసుకుంటూ మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటున్నారు. సోమమ్మ మళ్ళీ వెతుకులాటలో పడింది. పుష్పమ్మ చేతిలో కొడవలి ఉండేది, కాని అది అందరి చేతిలోనూ ఉండేది. ఫ్యాక్టరీలో ఊడ్చేందుకు పోయిన పద్దెనిమిదేళ్ళు టిఫిన్ డబ్బా ఉండేది. మూత మీద మేకుతో సిలువ గీసుకుంది, వేరేవాళ్ళు తీసుకుపోకుండా. కాడ విరిగిన కళ్ళద్దాలకు దారం కట్టుకుని, వాటిని చేత్తో పట్టుకునే చదివేది. అవునవును, చదువు. యారాళ్ళిద్దరిలో చదువొచ్చింది ఒక్క పుష్పమ్మకే. గుడి వెనక గదిలో రాత్రి బడి పెట్టినప్పుడు, సోమమ్మ నిద్రపోతుంటే పుష్పమ్మ అక్షరాలు నేర్చింది. పాట మాత్రం ఒక్క ముక్క రాదు. పుష్పమ్మ గొంతెత్తితే అయ్యగారి భార్య కూడా పెదవి కొరుక్కునేది. "నాకు చదువిచ్చి నీకు గొంతిచ్చిండు దేవుడు, ఇద్దర్ని కలిపితే ఒక మనిషైతది" అనేది పుష్పమ్మ.

పుష్పమ్మ బైబిలు మొదటి పుటలు చదివి వినిపించిన రాత్రి సోమమ్మకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గ్యాసునూనె దీపం, మసి పట్టిన చిమ్నీ, పుష్పమ్మ వేలు అక్షరం అక్షరం మీద ఆగుతూ కదులుతోంది. దేవుడు లోకాన్నంతా నోటి మాటతోనే చేశాడట. మనిషినొక్కడినే చేత్తో పట్టుకుని మట్టితో చేశాడట. అంతకుముందు ఏముందక్కా అని సోమమ్మ అడిగింది. ఏం లేదు, చీకటి, నీళ్ళు, ఆయన ఆ నీళ్ళ మీద తిరుగుతుండె అని పుష్పమ్మ చెప్పింది. ఆ రాత్రి సోమమ్మకు నిద్ర పట్టలేదు. ఆయన ఆ చీకట్లో ఎందుకు తిరిగాడో తనకు తెలుసు అనిపించింది. మొదటి మాట కోసం. శవం పక్కన కూర్చుని అవ్వ అట్లాగే కళ్ళు మూసుకుని ఊగేది, మాట దొరికేదాకా. దొరికిందా, ఇక వరసే: వెలుగు, ఆకాశం, నేల, చెట్లు, చేపలు. పొద్దున్నే ఈ సంగతి చెప్తే పుష్పమ్మ పొయ్యి ఊదడం ఆపి, "ఈ మాట అయ్యగారికి చెప్పకు, బాప్తిస్మం వాపస్ తీస్కుంటడు" అని పడీపడీ నవ్వింది.

అయ్యగారంటే అప్పటి పాదిరి, ఏసుదాసు అయ్యగారు. సంగారెడ్డి నుంచి సైకిలు మీద వచ్చేవాడు, వెనక క్యారియర్‌కు మందుల డబ్బా కట్టుకుని. ఆయన్ని తలచుకుంటే సోమమ్మకు ఇప్పటికీ కోపం రాదు, అదే చిక్కు. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడే పటేల్ తల్లి పోయింది. మల్లమ్మ బిడ్డ వచ్చిందట కదా, రమ్మనండి, వచ్చి ఏడవమనండి అని మనిషిని పంపారు. అడగడం కాదు అది, ఆజ్ఞ. అవ్వ జీవితమంతా అట్లా పోయింది. ఎన్నడూ వాకిలి దాటనివ్వని ఇళ్ళ ముందు కూర్చుని, తనను ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనుషుల కోసం ఎండలో గొంతు చించుకుని, చివరికి సేరు జొన్నలు ఒళ్ళో పోయించుకుని వచ్చేది. ఆ వేళ అయ్యగారు సైకిలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. "ఈ అమ్మాయి రాదు. ఈమె కన్నీళ్ళు ఈమెవే. ఎవరూ హుకుం చేయడానికి లేదు" అన్నాడు. పటేల్ మనిషి వెనక్కి పోయాడు. ఆ రోజు నర్సింహులు రెండు జామకాయలు తెచ్చి అయ్యగారి చేతిలో పెట్టాడు, అంతకంటే ఇంట్లో ఏమీ లేక. అట్లాంటి మనిషి. ఆ మనిషే ఏడెనిమిదేళ్ళ తరువాత అత్త పోయినప్పుడు సోమమ్మ శోకం పెడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయన మొహం మాడిపోయింది.

శోకంలో ఒక పద్ధతి ఉంది. చివరికి వచ్చేసరికి, పోతున్న మనిషి చేత ముందే పోయినవాళ్ళకు కబురు పంపుతారు. అక్కడ మా నాన్న కనపడితే బర్రె ఈనిందని చెప్పు, మా చెల్లె కనపడితే దాని బిడ్డకు పెళ్ళయిందని చెప్పు అని. ఊళ్ళో ఎవరి గుండెలో ఏ మాట మిగిలిపోయినా శోకం పెట్టేవాళ్ళ చెవిలో వేసేవారు, నాదొకటి కలుపు అని. చావింట్లో జనం కూడేది సగం అందుకే. సోమమ్మ అత్తతో ఆ రోజు ఏడుగురి కబుర్లు పంపింది. ఆదివారం గుడిలో అయ్యగారు లేచి, చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రపోతున్నారు, వాళ్ళకు కబుర్లు పంపడం తగదు, మనకు వాళ్ళు మళ్ళీ లేస్తారన్న నిరీక్షణ ఉంది, అది లేనివాళ్ళ మాదిరి ఏడవకూడదు అన్నాడు. సోమమ్మను మూడు నెలలు, గుడిలో అందరూ ప్రభువు పేర రొట్టె తీసుకునే బల్ల దగ్గరికి రానివ్వలేదు. నాలుగో నెల పెద్ద పుస్తకం తెరిచి, ఇక శోకాలు పెట్టనని రాసి వినిపించి, వేలు పట్టుకుని సిరాలో అద్దించాడు. గట్టిగా పట్టుకోలేదు, జ్వరం చూసినట్టు మెత్తగానే పట్టుకున్నాడు. ఆ గొంతు దేవుడిచ్చింది, దాన్ని స్తుతికి వాడు, క్రిస్మస్‌కు ఒక పాట కట్టు అన్నాడు. కట్టింది. నక్షత్రం, గొల్లవాళ్ళు, పశువుల పాక, అన్నీ పెట్టి కట్టింది. రెండేళ్ళు అందరూ చప్పట్లు కొడుతూ పాడారు. సోమమ్మకు మాత్రం అది ఉప్పు లేని జొన్న గట్క తిన్నట్టుండేది. ఆ పాటలో ఎవరి చెయ్యీ లేదు. పాకలో పడుకున్న ఆ పచ్చి బాలింత చేతిలో ఏముందో తనకు తెలియదు, తెలుసుకోకుండా పాడింది. అబద్ధమేమీ లేదు. కాని దొరికిన మాటలతో కట్టింది, వెతుక్కున్న మాటలతో కాదు.

ఇక్కడికి వచ్చేసరికి మనసు ఆగింది. పొద్దుటి నుంచి ఇక్కడికి వచ్చి ఆగి, పక్కకు తిరిగిపోతోంది. ఎవరో టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. టెంటు గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. పటాన్‌చెరు వైపు నుంచి గాలి తిరిగితే వచ్చే ఫ్యాక్టరీ వాసన, కుళ్ళిన గుడ్డు వాసన, అగరొత్తుల వాసనలో కలిసిపోయింది. గడియారం రెండున్నర. సోమమ్మ టీ తాగలేదు. వేడి గ్లాసు పట్టుకుంటే అరచేతికి ఆ వేడి గుర్తొచ్చింది, చిన్న నుదురు వేడి, మూడు రోజులు దిగని వేడి. ఇక తప్పించుకుని లాభం లేదు.

మణెమ్మ. మణి. సోమమ్మ బిడ్డ, ఆరేళ్ళు. ముందు పళ్ళు రెండూ ఊడి, మాట్లాడితే గాలి పోయేది. పుష్పమ్మ మేకల మందలో నుదుట తెల్ల చుక్క ఉన్న పిల్ల ఒకటి పుడితే, దాన్ని మేపుతానని మణి పెద్దమ్మను బతిమాలుకుంది. సరే అంది పుష్పమ్మ. వానాకాలం, చేల గట్ల వెంట పచ్చగడ్డి. ఒక సాయంత్రం మణి ఒక్కతే తిరిగొచ్చింది, మేకపిల్ల లేదు. తుమ్మల్లోకి ఉరికింది, కనపడలేదు అంది. అది సొంత మేక అయితే సోమమ్మ ఊరుకునేదే. యారాలి మేక. పరాయి సొమ్ము పోగొట్టిందని నలుగురూ అంటారని, పుష్పమ్మ చూస్తుండగానే, కట్టెపుల్లతో పిక్కల మీద రెండు దెబ్బలు వేసింది. "నా మేక పోతే నాకు లేని నొప్పి నీకేందే" అని పుష్పమ్మ అడ్డం వచ్చింది. అప్పటికే రెండు దెబ్బలూ పడ్డాయి. పిల్ల ఏడవలేదు. చీకటి పడేలోపు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పోయి వానలో వెతికింది. నర్సింహులు ఎత్తుకుని తెచ్చేసరికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ రాత్రే జ్వరం. అయ్యగారి మందులు, ఎడ్లబండి మీద సంగారెడ్డి, మూడో రోజు తెల్లవారి ఆ వేడి దిగింది. పూర్తిగా దిగింది.

సోమమ్మ ఏడవలేదు. వేలి మీద సిరా పోయి ఏడాది కూడా కాలేదు. గోతి పక్కన నిలబడి అందరితోపాటు నిరీక్షణ పాట పాడింది, ఒక్క చరణం తప్పకుండా. అయ్యగారు ఆ తరువాత ఎన్ని ఊళ్ళలో ఆ సంగతి చెప్పాడో. ఒక చదువురాని తల్లి విశ్వాసం చూడండి అని. ఊరందరి చావులకూ మాటలు కట్టిన గొంతు కన్నబిడ్డకు ఒక్క మాట కట్టలేదు. దాన్ని విశ్వాసం అన్నారు. నిజంగా విశ్వాసమే అయి ఉండొచ్చు, ఎవరికి తెలుసు. కాని పూడ్చిన మర్నాడు దీపాల వేళ మేకపిల్ల తనంతట తాను వచ్చింది. ఏ కంచెలో ఇరుక్కుని బయటపడిందో, మెడ దగ్గర బొచ్చు లేచిపోయి, అరుచుకుంటూ వచ్చి పుష్పమ్మ వాకిట్లో నిలబడింది. ఆ సంగతి మణికి తెలియదు. మేక పోయిందనే అనుకుంటూ పోయింది. నలభై ఏళ్ళుగా సోమమ్మకు కావలసింది ఆ ఒక్క సంగతి చెప్పడం. ఊళ్ళో తరువాత ఎంతమంది పోలేదు, మొగుడు పోలేదా, ఎవరితోనైనా పంపొచ్చు. శోకం లేకుండా కబురు పోదు. శోకం పెట్టడానికి వేలిముద్ర అడ్డం.

పుష్పమ్మ ఒక్కతే ఆ సంగతి పట్టుకుంది. ఏడాది తిరిగాక, గుడిలో అందరి ముందూ లేచి అయ్యగారిని అడిగింది. ప్రభువు స్నేహితుడు చచ్చిపోయి నాలుగు రోజులైతే, ఆయన పోయింది లేపడానికే కదా, ఒక్క నిమిషంలో లేపుతానని ఆయనకెరికే కదా, మరి సమాధి ముందు ఎందుకేడ్చిండు? అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆయన మనిషి కూడా కదమ్మా అన్నాడు. పుష్పమ్మ కూర్చుంది. ఇంటికి వస్తూ దారిలో సోమమ్మతో అంది, "లేపుడు దేవుని పని. ఏడ్సుడు దోస్తు పని. ఆయన రెండూ చేసిండు. మనకు మొదటిది చాతకాదు, రెండోది వద్దంటరు."

అయ్యగారికి ఆ ప్రశ్న లోపల ఉండిపోయిందేమో. చాలా ఏళ్ళకు, పని చాలించి సంగారెడ్డిలో ఉంటున్నప్పుడు, ఆయన భార్య పోయింది. ఆదివారం బడి పిల్లలందరికీ అమ్మగారు. యారాళ్ళిద్దరూ పోయారు. వాకిట్లో ఆయన తెల్లచొక్కా వేసుకుని నిటారుగా నిలబడి, వచ్చిన వాళ్ళందరికీ తనే ఓదార్పు చెప్తున్నాడు. సోమమ్మ వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే లోపలికి వచ్చాడు. కడిగిన గ్లాసొకటి తీసి పక్కన బోర్లించాడు. తరువాత, "సోమమ్మా, మీ అమ్మ ఎట్లా మొదలుపెట్టేది?" అన్నాడు. ఆమె చేతులు తుడుచుకుని, పోయినామె చేతుల ఏముండెనో గాడ పట్టుకునేది అయ్యా అని చెప్పింది. ఆయన గోడ వైపు తిరిగి ఆలోచించాడు. "పుట్నాల డబ్బా" అన్నాడు. పిల్లలు వాక్యం అప్పజెప్తే అమ్మగారు గుప్పెడు పుట్నాలు పెట్టేది. ఆ డబ్బా. రెండో మాట రాలేదు ఆయనకు. తొట్టి దగ్గర ముఖం కడుక్కుని మళ్ళీ వాకిట్లోకి పోయాడు. వేలిముద్ర తీసేశానని అనలేదు. సోమమ్మ అడగలేదు. ఆయనా పోయాడు ఇప్పుడు, పుస్తకం ఏ బీరువాలో ఉందో.

మంగళవారం ఆసుపత్రిలో పుష్పమ్మ చేతికి సెలైన్ పైపు ఉండేది. దాన్ని ఎత్తి చూపించి, "మేకను కట్టేసినట్టు కట్టేసిన్రు సోమీ" అంది. తరువాత గొంతు తగ్గించింది.

"నేను పోతే ఏడుస్తవా, ఊకుంటవా?"

"గట్ల మాట్లాడకక్కా."

"ఇప్పుడు మాట్లాడకుంటే పోయినంక మాట్లాడుతనా?"

"ఏలుముద్ర ఏసిన కదక్కా, దేవుని ముంగట."

"ఏలు ముద్ర ఏసింది. నోరు ఏసిందా?" నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక సోమమ్మ మణికట్టు పట్టుకుంది. "మేక నాది. కబురు నేనే తీస్కపోత. ఇంకెవ్వరితోని పంపకు. నన్ను మూగదాని లెక్క తోలిచ్చినవనుకో, మణి ఎదురొచ్చి అడిగితే నేనేం చెప్పాలె?"

ఆ మాటకు సోమమ్మ సరే అంది. సరే అని బయటికి వచ్చి, వరండాలో కూర్చుని, గొంతులో ఏదైనా మిగిలి ఉందా అని మెల్లగా ఊఁ అని చూసుకుంది. పక్కన మందుల చీటీ పట్టుకున్న బీహారు కూలీ, ఏమైందమ్మా అన్నట్టు చూశాడు. ఇప్పుడు కూడా అదే భయం. మాట దొరక్కపోతే? నలభై ఏళ్ళు మూత పెట్టిన బావిలో నీళ్ళుంటాయా? ఆ కొడవలి, ఆ టిఫిన్ డబ్బా, దారం కట్టిన కళ్ళద్దాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది, ఏదీ గొంతులోకి రాలేదు. అవి పుష్పమ్మవే, కాని పుష్పమ్మ వాటిలో లేదు.

బయట బండి ఆగిన చప్పుడైంది. కీబోర్డు పిల్లలు దిగారు. పాస్టరుగారు వచ్చేస్తున్నారట, ముత్తంగి దగ్గర ట్రాఫిక్ దాటారట అని ఎవరో అన్నారు. కుర్చీలు జరిగాయి. ఇద్దరు మగవాళ్ళు శవపేటిక తెచ్చి అరుగు మీద పెట్టారు. దాన్ని గోతిలోకి దించడానికి కొత్త తాళ్ళు రెండు, చుట్టలు చుట్టినవి, తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక సోమమ్మ చాప కొస మీద వేసి పోయారు. పచ్చి కొబ్బరి పీచు వాసన. ఒక చుట్ట విప్పుకుని దాని కొస ఆమె మోకాలి మీదికి జారింది.

సోమమ్మ ఆ కొసను చేతిలోకి తీసుకుంది.

దీపాల వేళ. పూడ్చిన మర్నాడు. తను గడపకు ఆనుకుని కూర్చుని ఉంది, ఎదురుగా వాకిట్లో పుష్పమ్మ. చేతిలో తాడు, తాడు చివర నుదుట చుక్క ఉన్న మేకపిల్ల. దొరికిందని చెప్పడానికి వచ్చింది, చెప్పలేకపోయింది. ఎంతసేపు అట్లా నిలబడిందో. మేక అరుస్తుంటే అది అరవకుండా తాడును చేతికి ఒక చుట్టు, ఇంకొక చుట్టు చుట్టుకుంది, చర్మం తెల్లబడేదాకా. సోమమ్మ లేవలేదు. పుష్పమ్మ వెనక్కి తిరిగి మేకను తీసుకుపోయింది. ఆ మేకను అమ్మలేదు, కోయలేదు. అది ముసలిదై దాని చావు అది చచ్చేదాకా మేపింది. ఆ తాడు ఆ తరువాత కూడా నడుమ దర్వాజ పక్కన మేకుకు వేలాడేది, ఇద్దరిలో ఎవరూ తీయలేదు. రోజూ దాని పక్క నుంచే కూర గిన్నె ఇటూ, అన్నం గిన్నె అటూ పోయాయి.

దొరికింది. ఇన్నాళ్ళూ మేకుకే ఉంది.

పాస్టరుగారి కారు తలుపు పడింది. రాజశేఖర్ గారు, చిన్నవాడు, పెద్ద చదువులు చదివి వచ్చినవాడు, టెంటు కిందికి వస్తున్నాడు. ఎవరో ఆయన చేతికి మైకు ఇచ్చారు. సోమమ్మ కళ్ళు మూసుకుంది. తండ్రీ, వేలూ నువ్విచ్చిందే, గొంతూ నువ్విచ్చిందే, రెంటి పంచాయితీ నువ్వే తెంపుకో అనుకుంది. ఐసు పెట్టె మోగుతున్న శ్రుతి మీద గొంతు ఆనించింది. ముందు గాలి వచ్చింది, తరువాత గరగర, ఆ తరువాత ఎక్కడో అడుగున తడి తగిలింది.

"అక్కా... ఓ నా అక్కా...
తాడు చేతవట్టి వాకిట్ల నిలవడ్డ అక్కా...
నోట మాట రాక మేకతోని నిలవడ్డ అక్కా...
నీ మేక కోసం నువ్వు నన్నొక్క మాట అనకపోతివే అక్కా..."

ఫోన్లు చూసుకుంటున్న ఆడపిల్లలు తలలెత్తారు. కౌసల్య గబగబా వచ్చింది, ఆపడానికే వచ్చింది. చిన్నమ్మ భుజం మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయింది. టిఫిన్ డబ్బా మీద మేకుతో గీసిన సిలువ వచ్చింది శోకంలో, కళ్ళద్దాలకు కట్టిన దారం వచ్చింది, ఇంజినీర్లు మొలిచిన జొన్న చేను వచ్చింది. అన్నీ తాడు వెంట నడిచొచ్చాయి. కౌసల్య మోకాళ్ళు మడిచి చాప మీద కూలబడి, అవ్వా అని, పొద్దుటి నుంచి మొదటిసారి నోరు విప్పి ఏడ్చింది. ఎవరో కీబోర్డు మీటబోతే రాజశేఖర్ గారు చెయ్యి ఎత్తి ఆపాడు. మైకు ఆపేసి కుర్చీ మీద పెట్టాడు. ఆయనకు ఏమనిపించిందో ఏమో, చెప్పులు విడిచి చాప కొసన కూర్చున్నాడు. సోమమ్మ ఇవేవీ చూడలేదు. శోకం చివరికి వచ్చింది, కబురు పంపే చోటుకు. తాడు కొసను మెల్లగా పుష్పమ్మ పడుకున్న పెట్టె అద్దం మీద, చేతులు కట్టిన చోట పెట్టింది.

"ముందు పండ్లు లేని పిల్ల ఎదురొస్తదే అక్కా...
పిక్కల మీద వాతలుంటయి, నువ్వే తడమాలె అక్కా...
మీ అమ్మ కొట్టుడు తప్పని చెప్పక్కా... ఆడనే చెప్పక్కా..."

ఇక ఆమె పుష్పమ్మను పిలవలేదు. నలభై ఏళ్ళుగా గట్టిగా అనని పేరును, ఆ గాలిపోయే నవ్వును చూస్తున్నట్టే, నేరుగా పిలిచింది.

"మణీ... నా మణీ... మేకపిల్ల ఇంటికొచ్చిందే బిడ్డా. ఎప్పుడో వచ్చింది."